మళ్లీ ఎగిరిన క్యాటలీనా

చెన్నై నగరానికి వాయవ్యంగా రెడ్‌హిల్స్ చెరువు ఉంది. తమిళులు దానిని పుళల్ ఏరి అంటారు. నగరానికి తాగునీరు అందించే చెరువులలో అది ఒకటి. గట్టు మీద నిలబడి చూసేవారికి ఇప్పుడు అక్కడ నీరు, నీటిపక్షులు తప్ప వింతగా ఏమీ కనిపించదు. కాని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అదే నీటి మీద వేరే పక్షులు వాలేవి. ఒక్కొక్క దాని రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 104 అడుగులు. అవి బ్రిటిషు వైమానిక దళం వారి క్యాటలీనా విమానాలు. చెరువు నీటిని చీల్చుకుంటూ పైకి లేచి, బంగాళాఖాతం మీద గంటల తరబడి శత్రువుల ఓడలకోసం వెతికి, మళ్లీ వచ్చి ఆ నీటిమీదనే దిగేవి.

ఇప్పుడు ఆ చెరువులో ఆ విమానాలు లేవు. వాటిని నడిపిన తరమూ దాదాపుగా గతించింది. అయినా ఈనాడు ఎక్కడో ఒక ఇంట్లో, కంప్యూటరు తెరమీద, క్యాటలీనా మళ్లీ నీటిలోనుంచి లేస్తూనే ఉంది. దానిని అక్కడ కట్టినవారు ఎవరు? ఎందుకు కట్టారు? ఎంతో శ్రమపడి కట్టినదానిని ఊరికే పదిమందికి ఎందుకు పంచిపెట్టారు?

ముందుగా ఆ విమానం సంగతి తెలుసుకోవాలి. పొట్టభాగం పడవలాగా ఉండి, నీటి మీద మాత్రమే దిగగలిగే విమానాన్ని ఎగిరే పడవ అంటారు. దానికే చక్రాలు కూడా అమర్చి నేలమీద సైతం దిగేటట్లు చేస్తే అది ఉభయచర విమానం అవుతుంది. కప్ప నీటిలోనూ నేల మీదా బతికినట్లే ఇదీను. క్యాటలీనా మొదట ఎగిరే పడవగానే పుట్టింది. అమెరికాలోని కన్సాలిడేటెడ్ కంపెనీలో ఐజాక్ లాడన్ అనే ఇంజనీరు దానికి రూపకల్పన చేశాడు. 1935 మార్చిలో అది తొలిసారి ఎగిరింది. 1939 నవంబరులో ముడుచుకొనే చక్రాలు అమర్చిన ఉభయచర రూపం ఎగిరింది.

దాని ఆకారం చిత్రమైనది. పొడవాటి రెక్క పొట్టకు ఆనుకొని ఉండదు. మెడలాంటి ఒక స్తంభం మీద ఎత్తుగా నిలిచి ఉంటుంది. నీటి తుంపరలు వీలైనంత తక్కువగా తగిలేందుకు రెండు ఇంజన్లనూ ఆ రెక్కకే బిగించారు. ఒక్కొక్క ఇంజను శక్తి 1,200 అశ్వశక్తి. రెక్క కొసల దగ్గర ఫ్లోట్లు అనే బోలు తెప్పలు ఉంటాయి. విమానం నీటి మీద ఉన్నప్పుడు అవి కిందికి దిగి, అది పక్కకు ఒరిగిపోకుండా కాపాడతాయి. ఎగిరిన తరువాత పైకి ముడుచుకొని రెక్కకే కొసలుగా మారిపోతాయి. క్యాటలీనా సాధారణంగా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ప్రయాణించేది. ఆ కాలానికి కూడా అది పెద్ద వేగం కాదు. కాని ఒకసారి ఇంధనం నింపితే దాదాపు 4,000 కిలోమీటర్లు పోగలిగేది. బరువు లాగే ఎద్దు నడక నిదానం, ఓపిక మాత్రం అపారం. క్యాటలీనా అటువంటిది.

ఆ ఓపికే చరిత్రలో దానికి చోటు సంపాదించింది. 1942 ఏప్రిల్ 4న కెనడాకు చెందిన లెనార్డ్ బర్చాల్ అనే వైమానికుడు సింహళంలోని కొగ్గల నుంచి క్యాటలీనాలో బయలుదేరి, సముద్రం మీద వస్తున్న జపాను నౌకాదళాన్ని చూశాడు. జపాను విమానాలు కూల్చివేసేలోగానే కబురు అందజేశాడు. అందువల్ల మరునాటి దాడి సంగతి కొలంబోకు ముందుగానే తెలిసింది. ఆ రోజులలోనే బంగాళాఖాతంలో ప్రవేశించిన మరొక జపాను నౌకాదళపు విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యానానికి కాకినాడ ఎంత దగ్గరో అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్రం మీద కాపలా తిరిగే విమానానికి ఎంత విలువ ఉందో ఆ వారంలో తెలిసివచ్చింది.

ఆ తరువాత మరొక అద్భుతం జరిగింది. 1943 నుంచి 1945 వరకు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికీ కొగ్గలకూ మధ్య క్వాంటాస్ సంస్థవారు క్యాటలీనాలను నడిపారు. మధ్యలో ఎక్కడా ఆగకుండా 5,600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం! దానికి 27 గంటలు మొదలు 32 గంటల దాకా పట్టేది. ఇంధనమే బరువంతా తినివేయడం వల్ల ముగ్గురు ప్రయాణికులకు మించి చోటుండేది కాదు. శత్రువులు పసికట్టకుండా రేడియో మూగగా ఉంచి, నక్షత్రాలను చూసి దారి తెలుసుకొనేవారు. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసేవారు గనుక దానికి జంట సూర్యోదయాల యాత్ర అని పేరు వచ్చింది. అటువంటి యాత్రలు 271 జరిగాయి.

ఇంత చేసిన విమానాలకు దక్కిన ముగింపు ఏమిటి? యుద్ధం అయిపోయాక, అమెరికాతో ఉన్న ఒప్పందం మేరకు ఆ యాత్రల క్యాటలీనాలను సముద్రంలో ముంచివేశారు. మూడువేలకు పైగా తయారైన క్యాటలీనాలలో అనేకం తుక్కు కింద పోయాయి. కొన్ని అడవి మంటలను ఆర్పడానికి నీళ్లు మోశాయి. ఇప్పటికీ ఎగరగలిగే స్థితిలో ఉన్నవి చాలా కొద్ది. మరికొన్ని మ్యూజియములలో తాళ్ల వెనుక నిలబడి ఉన్నాయి. మ్యూజియములోని విమానాన్ని కళ్లతో చూడవచ్చు. కాని దానిని నీటి మీద నుంచి ఎలా లేపాలో, గాలి ఎదురు తిరిగినప్పుడు ఎలా పట్టుకోవాలో అది చెప్పదు. ఆ విద్య నడిపినవారి చేతుల్లో ఉండేది. వారితోపాటే పోయేది.

చేతి విద్యను యంత్రంలో దాచవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు 1929లో ఒక బొమ్మ విమానం తయారు చేశాడు. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌కు గాలినిచ్చే తిత్తులనే వాడి, ఆ బొమ్మను అటూ ఇటూ ఒరిగేటట్లు, పైకీ కిందికీ ఊగేటట్లు చేశాడు. మొదట అది సంతలో వినోదంగానే చెల్లింది. 1934లో విమానాల మీద తపాలా మోయవలసి వచ్చిన అమెరికా సైనిక వైమానికులు కొందరు చెడువాతావరణంలో చిక్కుకొని చనిపోయారు. అప్పుడు సైన్యంవారు లింక్ దగ్గర ఆరు యంత్రాలు కొన్నారు. మేఘాలలో దారి తప్పితే ఏమి చేయాలో నేల మీద కూర్చొనే నేర్చుకోవచ్చునని అందరికీ అర్థమయింది. నేటి ఫ్లైట్ సిమ్యులేటర్లకు మూలపురుషుడు ఆ తిత్తుల బొమ్మే. 1980 ప్రాంతంలో సిమ్యులేటరు ఇళ్లలోని చిన్న కంప్యూటర్లకు కూడా వచ్చింది. ఇంటి సిమ్యులేటరులో ఆకాశం, నేల, గాలి, వాతావరణం సిద్ధంగా ఉంటాయి. కొన్ని విమానాలూ ఉంటాయి. కాని అందరూ మరిచిన పాత విమానాలు సాధారణంగా వాటిలో ఉండవు. కావాలనుకున్నవారు తామే కట్టుకోవాలి.

అలా కట్టడానికి పూనుకొనే మనిషి పెద్ద కంపెనీ ఉద్యోగి కానక్కరలేదు. పగలంతా తన పని చేసుకొని, రాత్రి భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చొనే సామాన్యుడే. అతను చేసే మొదటి పని వెతకడం. పాత నక్షాలు, ఫొటోలు, పైలట్లకోసం ఆనాడు అచ్చువేసిన చేతిపుస్తకాలు సేకరిస్తాడు. తరువాత పడవ కట్టే వడ్రంగిలాగే పని మొదలుపెడతాడు. వడ్రంగి అడుగుకర్ర వేసి, దానిమీద పక్కటెముకల్లాగా వంపుకర్రలు నిలబెట్టి, పైన పలకలు బిగిస్తాడు. నమూనా కట్టేవాడు కూడా విమానం పొడవునా అడ్డుకోతల ఆకారాలు నిలబెట్టి, వాటిని కలుపుతూ చిన్నచిన్న త్రికోణాలతో పైపొర అల్లుతాడు. ఆ పొర మీద రంగు, రివెట్ల వరుసలు, ఉప్పునీటికి వెలిసిన మచ్చలు చిత్రిస్తాడు. కాక్‌పిట్‌లో గడియారంలాంటి పరికరాలను ఒక్కొక్కటిగా అమర్చి, వాటి ముళ్లు కదిలేటట్లు చేస్తాడు. క్యాటలీనాలో ఇంజన్ల వేగాన్ని పెంచి తగ్గించే పిడులు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. అవి పక్కన పెట్టితే పని సులభమే, కాని అప్పుడది క్యాటలీనా కాదు.

ఆకారం తయారైతే సగం పని అయినట్లు కూడా కాదు. ఇంతవరకు అయింది బొమ్మ. అది ఎగరాలంటే అంకెలు కావాలి. బరువు ఎంత, ఆ బరువు ఎక్కడ కేంద్రీకృతమై ఉంది, రెక్క వైశాల్యం ఎంత, ఇంజను లాగే బలం ఎంత — ఇవన్నీ చెప్పాలి. సిమ్యులేటరు ఈ అంకెలను తీసుకొని, ఒక్క సెకనులో ఎన్నోసార్లు లెక్క కట్టి, విమానం తరువాతి క్షణంలో ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. కొన్ని సిమ్యులేటర్లు రెక్కను చిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్కమీద గాలి ఎంత బలంతో తోస్తున్నదో విడివిడిగా లెక్కిస్తాయి.

అన్నిటికంటె చిక్కు నీటితోనే. రెండు తడి పలకలను ఒకదానిమీద ఒకటి పెట్టి పైపలకను తిన్నగా ఎత్తి చూడండి. అది తేలికగా ఊడిరాదు. నున్నటి అడుగుగల విమానాన్ని కూడా నీరు అలాగే పట్టి ఉంచుతుంది. అందుకే క్యాటలీనా పొట్ట కింద అడ్డంగా ఒక మెట్టు ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ విమానం నీటిమీదికి లేచి, ఆ మెట్టు మీద జారుతూ పోతుంది. మెట్టు వెనుక గాలి చొరబడి నీటి పట్టు విడిపోతుంది. అప్పుడే అది గాలిలోకి లేస్తుంది. నమూనాలో పొట్ట కింద ఎక్కడెక్కడ నీరు తగులుతుందో ఆ చోట్లన్నీ గుర్తించి చెప్పాలి. ఒక్క చోటు అటూ ఇటూ అయితే విమానం కుందేలులా గెంతుతుంది, లేదా రాయిలా మునుగుతుంది. ఆ ఒక్క సంగతి సరిచేయడానికి కొన్ని వారాల రాత్రులు ఖర్చు కావచ్చు.

ఇక్కడే కట్టేవాడికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. ఉభయచర విమానానికి ఒక ప్రాణాంతకమైన నియమం ఉంది. నేలమీద దిగేటప్పుడు చక్రాలు దించాలి. నీటిమీద దిగేటప్పుడు దించకూడదు. చక్రాలు దించి నీటిమీద వాలితే అవి నీటికి తట్టుకొని, ముక్కు కిందికి గుచ్చుకొని, విమానం తలకిందులు కావచ్చు. నిజ జీవితంలో ఈ ఒక్క పొరపాటు ఎందరినో బలిగొన్నది. నమూనాలో ఈ ప్రమాదాన్ని ఉంచాలా, తీసివేయాలా? తీసివేస్తే ఆడేవారు సంతోషిస్తారు. ఉంచితే, మొదటిరోజే విమానం బోర్లాపడినవారు విసుక్కుంటారు. నీ విమానం బాగాలేదని నిష్ఠూరమాడతారు.

ఇంకొక చిక్కు ఉంది. యుద్ధకాలపు క్యాటలీనాలో ఏడెనిమిది మంది పనిచేసేవారు. ఫ్లైట్ ఇంజనీరు రెక్కను మోసే ఆ మెడలాంటి స్తంభంలో కూర్చొనేవాడు. ఇంధనాన్ని కనిపెట్టి ఉండడం, ఫ్లోట్లను దించడం, ఎత్తడం అతని పని. ముందు కూర్చున్న పైలట్ తనకు ఏమి కావాలో దీపాల సంకేతంతో అతనికి తెలిపేవాడు. తెర ముందు కూర్చున్నవాడు ఒంటరి. అందరి పనీ ఒక్క మీటకు అప్పగించవచ్చు. అప్పుడు ఎగరడం సులభమవుతుంది, కాని ఒకరి మాట ఒకరు విని, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకొన్న ఆ మనుషులు అందులోనుంచి మాయమవుతారు.

మంచి నిర్మాత ఇటువంటిచోట సులభమైనదానికంటె నిజమైనదానినే ఎంచుకొంటాడు. ప్రమాదాన్ని దాచిపెట్టడు; దాని గురించి ముందుగా హెచ్చరిస్తాడు. ఇంజనీరు కూర్చొనే చోటును కూడా కట్టి, అక్కడికి వెళ్లి పని చేయమంటాడు. గాలిలేని రోజున నీరు అద్దంలాగా నిశ్చలంగా ఉంటే, అది ఎంత కిందుగా ఉన్నదో పైలట్ కంటికి అందదు. అటువంటప్పుడు కొద్దిగా ఇంజను బలం ఉంచి, ఒకే తీరున నెమ్మదిగా దిగుతూ పొట్ట నీటిని తాకేదాకా ఓపిక పట్టాలి. సిమ్యులేటరులోని నీరు ఆ మోసాన్ని పూర్తిగా చూపలేకపోతే, ఆ సంగతి కాగితం మీదనైనా రాసి పెడతాడు. తన నమూనాలో ఏది నిజానికి దగ్గరగా ఉన్నదో, ఏది తన ఊహో విడదీసి చెబుతాడు. తెలియనిచోట తెలియదని చెప్పడం అతని పనిలో సిగ్గుపడవలసిన విషయం కాదు.

కట్టడం పూర్తయ్యాక అతను దానిని తన కంప్యూటరులోనే దాచుకోవచ్చు. కాని చాలామంది అలా చేయరు. ఇంటర్నెట్టు ద్వారా దానిని అందరికీ ఉచితంగా ఇస్తారు. ఇచ్చిన తరువాతే నమూనాకు నిజమైన చదువు మొదలవుతుంది. ఒకరు ఇంజను శబ్దం సరిగా లేదని చెప్పి, ఎక్కడో ఎగిరే క్యాటలీనా దగ్గర రికార్డు చేసిన ధ్వని పంపవచ్చు. ఇంకొకరు తాతగారి పెట్టెలో దొరికిన ఫొటో చూపి, ఒక కిటికీ చోటు తప్పిందనవచ్చు. వేరొకరు తమ దేశపు రంగులు వేసి తిరిగి పంచవచ్చు. ఒకరి విమానం కాస్తా అందరి విమానం అవుతుంది.

అలాగని పంచుకోవడానికి నియమం లేదనుకోరాదు. ఒకరు చేసిన పరికరాన్ని మరొకరు తమ నమూనాలో పెట్టుకోవాలంటే అనుమతి అడగాలి. ఎవరెవరి శ్రమ అందులో ఉన్నదో పేరుపేరునా రాయాలి. ఉచితంగా తీసుకొన్నదానిని చాటుగా అమ్ముకోవడం దొంగతనంతో సమానం. 1996లో ఆలోచనగా మొదలై 1997లో బయటికి వచ్చిన ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటరు పంచుకోవడానికి తనదైన నియమాన్ని చట్టంగానే రాసుకొంది. దాని లోపలి రాతను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. కాని పంచేటప్పుడు తాము పొందిన స్వేచ్ఛనే తరువాతివారికీ ఇవ్వాలి. బావి తవ్వినవారు తాగినట్లే దారినపోయేవారూ తాగుతారు. ఎవరూ బావికి తాళం వేయరాదు.

పంచుకోవడంలో మరొక మేలు కూడా ఉందని 2009లో తెలిసింది. ఆవ్‌సిమ్ అనే కేంద్రం అప్పటికి పదేళ్లకు పైగా సిమ్యులేటరు అభిమానులు పంపిన విమానాలను భద్రపరుస్తూ వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఎవరో దుండగులు దాని కంప్యూటర్లలోకి చొరబడి, ఉన్నదంతా తుడిచివేశారు. ఒక కంప్యూటరులోనిదానికి నకలు మరొకదానిలో ఉంచుకొన్నారు గాని, రెండూ ఒకేసారి నాశనమయ్యాయి. ఆ తరువాత ఆ కేంద్రం మళ్లీ నిలదొక్కుకొంది. కాని ఆ దెబ్బ ఒక పాఠం నేర్పింది. ఒక్కచోట దాచినది ఎంత భద్రంగా దాచినా ఒక్క రోజులో పోవచ్చు. వేయి ఇళ్లలో వాడుకలో ఉన్నది అంత తేలికగా పోదు. గాదెలో పోసిన విత్తనాలకు పురుగు భయం. పదిమంది పొలాల్లో చల్లిన విత్తనం ఏటా పండుతుంది.

ఇదంతా ఆటే కదా అని పెదవి విరిచేవారు ఉంటారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. తెరమీది విమానంలో పెట్రోలు వాసన రాదు. ఇరవై గంటలు నిద్రలేకుండా కూర్చొన్న నడుము నొప్పి తెలియదు. బర్చాల్ విమానం కూలినప్పుడు అందులోని తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు, మిగిలినవారు యుద్ధఖైదీలయ్యారు. తెరమీద కూలిన విమానం ఒక మీట నొక్కితే తిరిగి లేచి నిలబడుతుంది. కాబట్టి నమూనాను చూసి అదే చరిత్ర అనుకోరాదు. అది చరిత్రలోకి తెరిచిన ఒక కిటికీ. కిటికీ అద్దం ఎంత శుభ్రంగా ఉంటే అవతలిది అంత స్పష్టంగా కనిపిస్తుంది. నిర్మాత నిజాయితీయే ఆ శుభ్రత.

సిమ్యులేటరులోని భూగోళంలో రెడ్‌హిల్స్ చెరువుకూ చోటు ఉంది. ఒక సాయంకాలం ఎవరో ఒక విద్యార్థి క్యాటలీనాను దాని మీదికి తెస్తాడనుకోండి. ఇంజన్ల వేగం తగ్గిస్తాడు. ఫ్లోట్లు దించుతాడు. చక్రాలు పైనే ఉన్నాయో లేదో మరొకసారి చూసుకొంటాడు. మెల్లగా, ఒకే తీరున కిందికి దిగుతాడు. పొట్ట కింద నీరు చిమ్ముతుంది. ఆ ఒక్క నిమిషంలో, ఎనభై ఏళ్ల కిందట ఆ నీటి మీద వాలినవారు ఏమేమి గమనించేవారో అతని చేతులకు కొంత తెలుస్తుంది. ఏ పుస్తకమూ అంత దగ్గరగా చెప్పలేదు. తన పేరైనా తెలియని ఆ పిల్లవాడి కోసమే ఎక్కడో ఒక మనిషి ఎన్నో రాత్రులు మేలుకొని దానిని కట్టాడు, కట్టి పంచాడు.

యంత్రమైనా, పాటైనా, భాషైనా బతికేది ఒకే విధంగా. తెలిసినవారు దాచుకోకుండా ఇవ్వాలి. తీసుకొన్నవారు తప్పులు దిద్ది తరువాతివారికి అందించాలి. పుట్టినచోటికి ఎంత దూరాన ఉన్నా, అలా చేతులు మారుతున్నంత కాలం అది ఎగురుతూనే ఉంటుంది.